ఎద్దుకో ఆసామి ఉండేవాడు

ఈ మధ్య పామిడిలో ఎవర్ని ఏమడిగినా ఒకటే జవాబు: "సిస్టమ్‌లో అట్లే చూపిస్తాంది సామీ." బ్యాంకులో అడిగితే సిస్టమ్. చౌక దుకాణంలో అడిగితే మిషన్. కరెంటు బిల్లు మూడింతలైందని అడిగితే సర్వర్. ఈ సిస్టమ్ అనేవాడు ఏ వీధిలో ఉంటాడో, ఎవరి కొడుకో, పెళ్లయిందో లేదో ఎవరికీ తెలీదు. మా రోజుల్లో తప్పు జరిగిందంటే దానికొక మనిషి ఉండేవాడు. వాడి ఇల్లు తెలుసు, వాడి నాయన పేరు తెలుసు, గడప ముందు నిలబడి తిట్టడానికి వీలుండేది. మనం తిట్టేదాంట్లో న్యాయం లేకపోయినా సరే, వినేవాడొకడు ఉండేవాడు.

నేను గుత్తి కోర్టులో వకీలు గుమాస్తాగా తల నెరిసినవాణ్ణి. దావాలు రాయడం, స్టాంపులు అంటించడం, వాయిదా రోజున కట్టలు మోయడం, ఇదీ నా చదువు. మా వకీలు గారు బల్ల ముందు కూర్చుని చెప్పే న్యాయం ఒకటి, బల్ల కింద కట్టలు సర్దుతూ నేను నేర్చుకున్నది ఇంకొకటి. అందుకే టీవీలో కోట్లు వేసుకున్నవాళ్లు కూర్చుని "రోబో మనిషిని చంపితే శిక్ష ఎవరికి?" అని ప్రపంచంలో ఇంతకుముందు ఎవరికీ తట్టని ప్రశ్నలాగా అడుగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయ్యా, మా ఊళ్లో పొడిచే ఎద్దులుండేవి.

పొడిచే ఎద్దంటే ఈ కాలం పిల్లలకు తెలీదు. తనంతట తాను నడుస్తుంది, తనంతట తాను తిరుగుతుంది, ఎప్పుడు కొమ్ము విసురుతుందో దున్నేవాడికే తెలీదు. అది జీతగాణ్ణి పొడిస్తే ఎద్దును బోనెక్కించమని ఎవరూ అనలేదు. మొదటి మాట "ఎవరిదిరా ఎద్దు?" రెండో మాట "దానికి పొడిచే గుణముందని ముందే తెలుసునా?" తెలిసీ మెడలో గుదికర్ర కట్టకుండా వదిలాడంటే ఆసామి పని అయిపోయినట్టే. పైరు మేసిందనుకోండి, తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవాళ్లు. దానికి 1871 నాటి చట్టమే ఉంది. జుల్మానా కట్టి విడిపించుకోవాల్సింది ఆసామి. "ఎద్దు మేసింది, నాకేం సంబంధం" అనేంత తెలివి అప్పట్లో ఎవరికీ రాలేదు.

ఇంకో సంగతి. డబ్బు కట్టడంతో ఆసామి పని తీరేది కాదు. దెబ్బ తిన్నవాడి ఇంటికి రావాలి. అరుగు మీద కూర్చోవాలి. ఆ ఇంటి ఆడవాళ్లు నాలుగు మాటలంటే తల వంచుకుని పడాలి. అది ఏ సెక్షన్‌లోనూ లేదు. కానీ రాకపోతే ఊళ్లో మొహం ఎత్తుకుని తిరగలేడు.

సెక్షన్ అంటే గుర్తొచ్చింది. ఈ ముక్క చెప్పడానికే నాకు చేతులు దురద. మెకాలే దొర ముసాయిదా మీద 1860లో తయారైన పీనల్ కోడులో 287వ సెక్షన్ యంత్రం గురించి, 289వ సెక్షన్ జంతువు గురించి. తన స్వాధీనంలో ఉన్న మర వల్ల గానీ, పశువు వల్ల గానీ మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా తగిన జాగ్రత్త పడనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూ. రెండింటికీ శిక్ష ఒక్కటే. అంటే మరనూ ఎద్దునూ దొర ఒకే గాట కట్టేశాడు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, నంబర్లన్నీ తారుమారు చేశారు, నాబోటి ముసలివాళ్లకు మతులు పోయాయి. అందులో వెతికి చూస్తే, పాత కోడులో జంతువుకున్న 289 నంబరు కొత్త కోడులో యంత్రానికి పోయింది. జంతువు 291కి జరిగింది. జుల్మానా ఐదు వేలయింది. ఎద్దు లేచిపోయిన గాటికి మరను కట్టేసినట్టుంది. కావాలని చేసి ఉండరు గానీ, నాకు మాత్రం భలే నవ్వొచ్చింది.

మరి చట్టం ఉన్నప్పుడు బాధేమిటంటే, ఆసామి దొరకడం లేదు.

మా పామిడి మండలంలోనే, పెన్న అవతల ఒక చీనీ తోట. తోట ఆసామికి బెంగళూరులో ఉద్యోగం. బోరు మోటరుకు సిమ్ కార్డు పెట్టే స్టార్టర్ బిగించుకున్నాడు. ఫోన్‌లో నొక్కితే ఇక్కడ నీళ్లు పారతాయి. అంతకుముందు కరెంటు రాగానే దానంతటదే మోటరు వేసే ఆటో స్టార్టర్లుండేవి. అర్ధరాత్రి కరెంటిచ్చే రోజుల్లో రైతు పాముల్లో తేళ్లలో నడిచి పోయే బాధ తప్పిందని వాటికి దండం పెట్టినవాళ్లున్నారు. కాదనను. తెలంగాణలో 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు మాత్రం, భూగర్భజలం తోడేస్తున్నాయని ఆ ఆటో స్టార్టర్లనే పీకేయమని సర్కారు బతిమాలుకోవాల్సి వచ్చింది.

సరే, తోట సంగతి. ఉడత కేబులు కొరికింది. కాపలా మనిషి పెట్టె దగ్గరికి పోయి ఎర్ర బటన్ నొక్కాడు. మోటరు ఆగింది. బోరు దగ్గర తడి మట్టిలో చెప్పుల్లేకుండా కూర్చుని, పళ్లతో వైరు తొక్క తీసి, రెండు కొసలు మెలేస్తున్నాడు. పెట్టెలో స్విచ్చి మాత్రం ఆటో మీదే ఉంది. బెంగళూరులో ఆసామి ఆఫీసులో టీ తాగుతూ ఫోన్ చూసుకున్నాడు, "మోటరు ఆగి ఉంది" అని కనబడింది, వేలితో నొక్కాడు. ఇక్కడ పెట్టెలో టక్ మని శబ్దం. ఆ శబ్దం విన్నానని వాడు ఇప్పటికీ చెప్తాడు, వినేసరికే ఎగిరి కాలవలో పడ్డానంటాడు. బతికాడు. కుడి చేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పుడు మడతపడవు.

పంచాయితీకి నన్నూ పిలిచారు. ఆసామి ఫోన్‌లో మాట్లాడాడు, స్పీకర్ పెట్టారు. "వాడు అక్కడ కూర్చున్నాడని నాకు యాప్ చెప్పలేదు కదండీ." బిగించిన మెకానిక్, "నేను బిగించి ఇచ్చినా, ఆటోలో పెట్టుకున్నది వాళ్లే." అమ్మినవాడు, "బుక్కులో రాసుండాది సామీ, వైరు ముట్టే ముందు మెయిన్ తీయమని." ఆ బుక్కు తెప్పించి చూశాను. ఇంగ్లీషు, హిందీ. కాపలా మనిషికి తెలుగే కూడబలుక్కుని చదవడం. స్టార్టర్ తయారు చేసిన కంపెనీ ఏ రాష్ట్రంలో ఉందో, దాని లోపలి ప్రోగ్రామ్ రాసిన పిల్లగాడు ఎవరో, ఆ పంచాయితీలో ఎవరికీ తెలీదు. చివరికి అందరూ కాపలా మనిషి వైపు చూశారు. వాడు తన వేళ్ల వైపు చూసుకుంటూ, "నాదే తప్పేమో సామీ" అన్నాడు.

నాకు అప్పుడొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. దెబ్బ తిన్నవాడి నోటితోనే తప్పు ఒప్పిస్తే ఇంక పంచాయితీ దేనికి? పనిలో దెబ్బ తగిలితే యజమాని తప్పు రుజువు చేయక్కర్లేకుండానే పరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టమే చెప్పింది. కరెంటుతో నడిచే సాధనాలతో సేద్యం చేసే కూలీని కూడా దాని కిందికి తెచ్చింది. ముందు తోట ఆసామి కట్టాలి. తరువాత మెకానిక్‌తోనో కంపెనీతోనో ఆయన తగువు ఆయన పడాలి. ఇప్పుడు 2019 వినియోగదారుల చట్టంలో సరుకు లోపానికి తయారీదారును పట్టుకునే అధ్యాయమే పెట్టారు. సరిగా హెచ్చరించకపోవడం కూడా అందులో లోపం కిందే లెక్క. చదవరాని భాషలో రాసిన హెచ్చరిక హెచ్చరికేనా అని దావా వేసి ఉంటే మంచి వాదన నడిచేది. కాపలా మనిషి దావాకు ఒప్పుకోలేదు. తోటలో పని పోతుందని భయం.

ఆసుపత్రి ఖర్చు ఆసామి ఇచ్చాడు. వాయిదాల మీద, ఫోన్‌పేలో. మనిషి రాలేదు. ఆ అరుగు మీదికి ఇప్పటిదాకా రాలేదు.

మా రోజుల్లో ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందని చెప్తే మా వకీలు గారి ఆత్మ ఊరుకోదు. ఆయనే చెప్పేవారు కార్వేటినగరం జమీందారు కేసు. చిత్తూరు సీమలో జమీందారు చెరువులు భారీ వానకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ లైనూ వంతెనలూ కొట్టుకుపోయాయి. రైల్వేవాళ్లు దావా వేశారు. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్ కేసులో తీర్పొచ్చి ఉంది. మిల్లు యజమాని కట్టించుకున్న నీటిగుంట పక్కవాడి బొగ్గు గనిలోకి పగిలింది. కట్టింది కాంట్రాక్టర్లు, అడుగున పాత గని సొరంగాలున్నాయని యజమానికి తెలీదు. అయినా నీ లాభం కోసం తెచ్చి పెట్టుకున్నావు, తెగితే నువ్వే కట్టు అన్నారు పెద్ద కోర్టువాళ్లు. మన దగ్గరకొచ్చేసరికి 1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వేరే దారి పట్టింది. ఈ చెరువులు సొంత లాభానికి కట్టుకున్నవి కావు, తరతరాల నుంచి దేశానికి నీళ్లిచ్చేవి, వాటిని కాపాడటం జమీందారు బాధ్యత, అజాగ్రత్త రుజువు కాలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదు అంది. కరువు సీమవాణ్ణి, చెరువు విలువ నాకు తెలుసు, ఆ తీర్పును తిట్టలేను. ఆ వానకు చెరువు కింద ఇళ్లు పోయినవాళ్లూ ఉంటే, వాళ్లు లండన్ దాకా పోయి వాదించుకోలేరు కదా అన్నదొక్కటే నా సణుగుడు.

ఇప్పుడు రోబోలు అమ్మేవాళ్లూ ఆ చెరువు వాదనే ఎత్తుకుంటున్నారు. ఇది జనం మంచికే, దేశం ముందుకు పోవడానికే, కాబట్టి మామీద బరువు వేయకండి అని. చెరువు నీళ్లు ఊరంతా తాగింది. మీ రోబో లాభం ఎవరు తాగుతున్నారో లెక్క చూపించండి, అప్పుడు మాట్లాడదాం. 1985లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైతే, మరుసటి ఏడాది డిసెంబరులో భగవతి గారి ధర్మాసనం తేల్చి చెప్పింది: ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునేవాడు, ఎంత జాగ్రత్త పడ్డానని చెప్పినా సరే, నష్టానికి పూర్తిగా బాధ్యుడే అని. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచి 12 మంది చనిపోతే, మరునాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు ముందు కట్టమంది. ఎవరి తప్పో తర్వాత తేల్చుకుందాం, ముందు డబ్బు బల్ల మీద పెట్టు అన్నట్టు. నాకు అర్థమయ్యే భాష అది.

కొత్త యంత్రాలు చంపడం కూడా నిన్నా మొన్నటిది కాదు. 1979 జనవరి 25న అమెరికాలో ఫోర్డు వాళ్ల పోతపని కార్ఖానాలో, రోబో సరిగా సరుకు అందించడం లేదని అటక ఎక్కిన పాతికేళ్ల కుర్రాణ్ణి రోబో చెయ్యి తలమీద కొట్టి చంపింది. 1983లో జ్యూరీ ఆ కుటుంబానికి కోటి డాలర్లు ఇవ్వమంది, రోబో తయారు చేసిన కంపెనీని. మన దేశంలో 2015 ఆగస్టులో హర్యానా మానేసర్‌లో 24 ఏళ్ల కార్మికుడు వెల్డింగ్ రోబో దగ్గర రేకు సర్దబోయి పోయాడు. ఇప్పుడు మా పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019 ఆగస్టు నుంచి సెల్టోస్ కార్లు వస్తున్నాయి. మా ఊరి పిల్లలు ఆ వైపు పనులకు పోయి వచ్చి చెప్తారు, కార్ల ఫ్యాక్టరీల్లో రోబోలన్నీ కంచెల్లోపలే ఉంటాయని, గేటు తీస్తే ఆగిపోతాయని. అది గుదికర్ర అన్నమాట. బాగుంది. కంచెలో ఉన్న రోబోతో నాకు తగాదా లేదు. కంచె దాటి రోడ్డు మీదికొచ్చే దానితోనే నా తగాదా అంతా.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలో టెంపీ అనే ఊళ్లో ఊబర్ వాళ్ల డ్రైవర్ అక్కర్లేని కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక ఆడమనిషిని గుద్ది చంపింది. విచారణలో బయటపడింది ఏమిటంటే, గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటుతాడనే ఊహే ఆ ప్రోగ్రామ్‌లో లేదట! ఆ కారును మా 44వ నంబరు హైవే మీద పామిడి దగ్గరికి ఒక్కసారి తేండి. గొర్రెల మంద, నైటీల మూటలు ముందు పెట్టుకుని టీవీఎస్ మీద ఎదురొచ్చే కుర్రాడు, డివైడర్ మధ్య నిలబడి బీడీ ముట్టించుకునే పెద్దమనిషి, వీళ్లలో గీతల మీద దాటినవాణ్ణి ఒక్కణ్ణి చూపిస్తే నా పెన్షన్ రాసిస్తాను. ఇంతకూ ఆ కేసులో కంపెనీ మీద క్రిమినల్ కేసు నిలబడదన్నారు. కారులో ఊరికే కూర్చుని కనిపెట్టి చూడమని పెట్టిన జీతగత్తె తప్పు ఒప్పుకుంది, 2023లో మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఆమె ఫోన్ చూస్తూ కూర్చుంది, తప్పే. కానీ మళ్లీ చూడండి, ఆ ఊరి కాపలా మనిషే దొరికాడు.

ఇంకా పై చదువులవాళ్లు ఒక మాట తెచ్చారు. 2017లో ఐరోపా పార్లమెంటు ఒక తీర్మానంలో, బాగా తెలివిమీరిన రోబోలకు చట్టం దృష్టిలో ఒక వ్యక్తి హోదా ఇస్తే ఎట్లుంటుందో ఆలోచించండి అంది. నవ్వకండి, మన దగ్గర ఇది ఎప్పటినుంచో ఉంది. పెన్న ఒడ్డున మా భోగేశ్వరస్వామి లాంటి ఏ దేవుడైనా కోర్టు కళ్లకు ఒక వ్యక్తే. స్వామి పేరిట మాన్యం ఉండొచ్చు, స్వామి దావా వేయొచ్చు, స్వామి మీద దావా వేయొచ్చు. ధర్మకర్త సంతకం పెడతాడు. నేనే దేవుళ్ల పేర్లు వాదులుగా పెట్టి ఎన్ని దావాలు రాశానో. కానీ దేవుడి మీద డిక్రీ వస్తే వసూలు చేసుకోవడానికి మాన్యం ఉంటుంది. రోబో పేరిట ఏముంటుంది? ఎకరా ఉందా, ఎద్దుందా? అమీనా డిక్రీ పట్టుకుపోయి ఏం జప్తు చేస్తాడు, దాని చెయ్యినా? రజనీకాంత్ సినిమా "రోబో"లో అదే కదా చేశారు. ఊరిని అంత నాశనం చేసినదాన్ని విప్పదీయమంది కోర్టు, అది తనను తానే విప్పుకుని మనచేత కన్నీళ్లు పెట్టించింది. చచ్చినవాళ్లకు నష్టపరిహారం ఎవరిచ్చారో సినిమాలో ఎవరూ అడగలేదు. నేను హాల్లోనే అడిగాను, ముందు వరసవాడు "కూర్చో తాతా" అన్నాడు. రోబోను మనిషిని చేయడమంటే ఖాళీ జేబువాణ్ణి ముద్దాయిగా ముందుకు తోసి, డబ్బున్నవాడు వెనక్కు తప్పుకోవడం. మా రోజుల్లో బినామీ అనేవాళ్లం దాన్ని.

చేతుల్లేని, కాళ్లు లేని రోబోలు ఇంకా మోసకారివి. మా రోజుల్లో కరణం ఉండేవాడు. లంచం తినేవాడు, పగబట్టి పట్టాలో పేరు మార్చేవాడు, నేనెరుగుదును. 1984లో ఎన్టీఆర్ కరణం, మునసబు పదవులు తీసేసినప్పుడు ఊళ్లో బాణాసంచా కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ కరణం తప్పు రాస్తే కరణం ఇంటి మీదికి పోవచ్చు. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఎవరి పేరుతో కారుందో, ఎవరికి ఆస్తుందో జాబితాలన్నీ కలిపి చూసే సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ లెక్కలూ వాటి వెనక ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఇంటింటికీ పోయి మళ్లీ చూడండి అని. అంటే మనిషే మళ్లీ నడిచిపోయి గడపలో నిలబడి చూడాలి. ఆ ఏళ్లలో బియ్యం రాని ఇంట్లో ఏం వండుకున్నారో ఏ సర్వర్‌లో దొరుకుతుంది? ఇక్కడ మా వీధిలో, జీవితమంతా కుట్టు మిషన్ మీద లంగాలు కుట్టి వేళ్లు అరిగిపోయిన ముసలమ్మలు వేలిముద్రలు పడక చౌక దుకాణం ముందు కూర్చునుంటారు. మిషన్‌ది తప్పు అని ఒక్కరూ అనరు. "నా వేళ్లే పాడైపోయినాయి నాయనా" అంటారు. వాళ్లదీ కాపలా మనిషి మాటే.

ఇప్పుడు కొత్తగా డ్రోన్లు. మా చెల్లెలి మనవడు ఒకడు, చదువుకున్నవాడే, చీనీ తోటలకు మందు కొట్టే డ్రోన్ అద్దెకు తిప్పుతానని వచ్చాడు. ఒకరోజులో ఊరంతా కొట్టేయొచ్చట, కూలీల బాధ లేదట, మందు ఒంటిమీద పడదట. బాగుంది, మా కాలంలో మూతికి గుడ్డ కట్టుకుని మందు కొట్టి కళ్లు తిరిగి పడినవాళ్లను చూసినవాణ్ణి, వద్దనను. కానీ ఇది అనంతపురం. ఆషాఢం గాలికి మనిషే పక్కకు ఒరుగుతాడు. నువ్వు చీనీకి కొట్టిన మందు పక్క చేలో మల్బరీ మీద పడి, ఆ ఆకు మేసిన పట్టుపురుగులు తట్టల్లోనే చచ్చిపోతే ఎవరు ఇస్తార్రా అని అడిగాను. వాడు తడుముకోకుండా, "గాలి ఎక్కువైతే అదే ఆగిపోతుంది తాతా, సెన్సార్ ఉంది" అన్నాడు. సెన్సార్ పనిచేయకపోతే? "కంపెనీకి ఫోన్ చేయాల." కంపెనీ ఎత్తకపోతే? వాడు నవ్వాడు.

2021 డ్రోన్ నియమాల్లో, మరీ బుల్లివి తప్ప మిగతా డ్రోన్లకు మోటారు బండ్లకున్నట్టే పక్కవాడి నష్టానికి బీమా ఉండాలని రాశారు. ఆ సంగతి వాడికి తెలీదు, అమ్మినవాడు చెప్పలేదు. ఒక తెల్ల కాగితం తీసి రాసిచ్చాను. డ్రోన్ ఎవరిది, ఆ రోజు నడిపేది ఎవరు, మందు ఎవరు కలిపారు, బీమా పాలసీ నంబరు ఎంత, నష్టం జరిగితే సాయంత్రంలోగా ఎవరి ఇంటికి ఎవరు వస్తారు. ఇవన్నీ నింపి, సంతకం పెట్టి, చుట్టుపక్కల నాలుగు చేల ఆసాములకు ముందు రోజే ఇవ్వాలి. "ఇవన్నీ యాప్‌లో ఉంటాయి తాతా" అన్నాడు. యాప్‌కు సమన్లు పంపితే ఎవరు అందుకుంటారో, దాని తరఫున వకాల్తా ఎవరు వేస్తారో కంపెనీని అడిగి రాయించుకుని రమ్మన్నాను. పోయినవాడు మళ్లీ రాలేదు. పక్క ఊళ్లో కాగితం అడగనివాళ్లు ఎవరో దొరికారని నిన్న వాళ్లమ్మ చెప్పింది.